పొగగొట్టంలో ఎడమకాలి బూటు

క్లెమెంట్ డ్రాన్స్‌ఫీల్డ్ అను నేను, కీర్తిశేషులైన రాయ్ డ్రాన్స్‌ఫీల్డ్ కుమారుణ్ణి, వయసు నలభై ఆరేళ్ళు, అవివాహితుణ్ణి, టాస్మేనియా నడిమి సీమలో హోబార్ట్ నుంచి లాన్సెస్టన్ వెళ్ళే పాత బండ్లదారి మీద టారంట్స్ మార్ష్ గ్రామంలో ఉన్న ఉన్నిబండి పానశాలకు యజమానిని, ఏమి రాస్తున్నానో ఎరిగి, ఒకరి ఒత్తిడికి లోబడకుండా, నా సొంత దస్తూరితో రాసుకున్న వీలునామా ఇది. ఇంతకు పూర్వం నేను రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. వాటిలో మొదటిది పందొమ్మిదో ఏట రాసినది. అందులోని ప్రధాన ఆస్తి ఒక సైకిలు.

నా బుద్ధి స్థిరంగా ఉన్నదనడానికి నిదర్శనంగా, ఈ పూట నేలమాళిగలోని బీరు పీపాలను రెండుసార్లు లెక్కపెట్టి రెండుసార్లూ ఒకే సంఖ్య తెచ్చానని మనవి చేస్తున్నాను. మా వంటామె మిసెస్ బెరిల్ టాంక్స్ ఈ నిదర్శనాన్ని ఒప్పుకోలేదు. "బుద్ధి స్థిరంగా ఉన్నవాడెవడైనా బతికుండగానే తన చెంచాలు ఎవరెవరికో రాసుకుంటూ కూచుంటాడా, నాయనా?" అన్నది. ఆమె అభ్యంతరాన్ని నమోదు చేశాను.

రాయవలసి వచ్చిన కారణం: నా గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదు. వచ్చే నవంబరు ఇరవయ్యో తేదీన హోబార్ట్‌లో దానిని మార్చబోతున్నారు. నూటికి తొంభై ఏడుగురు లేచి ఇంటికి నడిచి వెళతారని డాక్టరమ్మ చెప్పింది. మిగిలిన ముగ్గురిలో ఒకణ్ణి కావచ్చునన్న జాగ్రత్తతో దీనిని అక్టోబరు ఇరవై మూడున మొదలుపెట్టాను. ఇందులో అసలు సంగతి అయిదో అంశం. తక్కినవన్నీ దాని దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం కూడగట్టుకుంటూ రాసినవే అనుకున్నా నాకు కోపం రాదు.

1. కార్యనిర్వాహకుడు

ఈ వీలునామాను అమలుపరచే బాధ్యత మా ఊరి మాజీ పోస్టుమాస్టరు నెవిల్ గ్యాడ్ గారికి అప్పగిస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక్క ఉత్తరం కూడా పోగొట్టలేదు. అడిగినప్పుడు, "నాకిప్పుడు డెబ్భై నాలుగు, నీకు నలభై ఆరు. ఎవరిది ఎవరు అమలు చెయ్యాల్రా, కాస్త లెక్క చూసుకో," అన్నారు కాని ఒప్పుకున్నారు. నా జాబితాల పుస్తకాలు పద్నాలుగూ బారు వెనక ఆకుపచ్చ బీరువాలో ఉన్నవి. ఏ జాబితా ఎక్కడున్నదో తెలిపే జాబితా బీరువా తలుపు లోపలివైపు అతికించి ఉన్నది.

2. అంత్యక్రియలు

మా నాన్న పక్కన, ఆయనకు కుడివైపున పూడ్చవలెను. ఎడమ చెవి ఆయనకు వినిపించేది కాదు. బతికినన్నాళ్ళూ నేను ఎడమవైపు కూర్చునే మాట్లాడాను. ఈసారి మార్చుకుందామని ఉన్నది. బ్యాగ్‌పైపులు వద్దు. ప్రసంగాలు రెండుకు మించరాదు. వచ్చినవారికి మిసెస్ టాంక్స్ ఆల్చిప్పల మాంసం కూరి కాల్చే స్కాలప్ పై అనే వంటకం మాత్రమే పెట్టవలెను, అందులో పీతమాంసం కలపరాదు. రెంటినీ కలిపే ప్రయోగం ఆమె 2016లో ఒకసారి చేసింది. ఊరు ఇంకా మరచిపోలేదు.

నేను పోయిన ఏడాది లోపల నా దయ్యం గురించి ఎవరూ ఏ కథా చెప్పరాదు. ఆ తరువాత మేడమెట్ల మీద అడుగులు వినిపిస్తే, మొదట మూడో మెట్టు చూడవలెను. తేమ పట్టినప్పుడు అది దానంతటదే కిర్రుమంటుంది.

3. మిసెస్ బెరిల్ టాంక్స్

నలభై నాలుగేళ్ళుగా ఈ ఇంటి వంటగదిని ఏలుతున్న మిసెస్ టాంక్స్‌కు, వెనకవైపు తోటలోకి తెరుచుకునే గదిలో ఆమె జీవితాంతం ఉండే హక్కు, వంటగదిలోని పొడవాటి పైన్ బల్ల, నల్ల ఇనుప దాక, నా పిల్లి. పిల్లి ఆమెదేనని పిల్లి ఎప్పుడో నిర్ణయించుకున్నది. దస్తావేజు ఇప్పుడు పుట్టింది, అంతే.

ఆమెకు ఒక క్షమాపణ కూడా చెందుతుంది. అది ఎందుకో అయిదో అంశంలో ఉన్నది.

4. పానశాల

1834లో సంకెళ్ళ ఖైదీల చేత ఇసుకరాతితో కట్టించిన ఉన్నిబండి పానశాలను, దాని కింది నేలమాళిగ, పైన ఆరు గదులు, గుర్రాలపాక, వెనక బేరిచెట్లు, లైసెన్సు, బోర్డు మీది బండి బొమ్మ, ఆ బండికి లేని నాలుగో చక్రంతో సహా, బర్నీ పట్టణంలో మొక్కల నర్సరీ నడుపుతున్న నా అక్క రోండా జీన్ డ్రాన్స్‌ఫీల్డ్‌కు సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను. ఆమె దీనిని నడపవచ్చును, అమ్మవచ్చును, తలుపులు మూసి తాళం వేయవచ్చును. ఎందుకని ఎవరూ అడగరాదు.

ఆమెకు ఈ ఇల్లు నాకంటె ముందు తెలుసు. బారు వెనక నిలబడి పీపా గొట్టం తిప్పడం నాకు నేర్పింది ఆమె. నురగ ఎక్కువ వస్తే, "బీరు అడిగారురా, స్నానం నీళ్ళు కాదు," అనేది. ఇరవై ఆరేళ్ళుగా మా మధ్య ఉత్తరాలు ఏడాదికి రెండు, ఒకటి క్రిస్మస్‌కు, ఒకటి నాన్న పుట్టినరోజున. రెంటిలోనూ వాతావరణం గురించి ఉంటుంది.

5. బూటు

బారు మీద అద్దాలపెట్టెలో ఉన్న వస్తువు: పసిపిల్ల ఎడమకాలి బూటు ఒకటి. పొడవు అయిదుంపావు అంగుళాలు. తోలు, చెక్కమేకులతో బిగించిన అడుగు, బొటనవేలి దగ్గర చిల్లు. జతలో రెండోది లేదు. ఎప్పుడూ లేదు.

1997 మార్చిలో వంటగది పొగగొట్టం పగిలితే నాన్నా నేనూ విప్పి బాగుచేశాము. లోపల ఎడమవైపు, భుజం ఎత్తున, ఒక ఇటుక వదులుగా కదిలింది. దాని వెనక గూటిలో ఈ బూటు ఉన్నది. మిసెస్ టాంక్స్ గరిటె పట్టుకునే వచ్చి చూసింది. "రాయ్, ఎక్కడ తీశావో అక్కడే పెట్టెయ్. ఎవరో తల్లి పెట్టుకుంది అది. పొగగొట్టంలోంచి రాకూడనిదేదైనా దిగితే, ఆ బూటును చూసి పిల్లే అనుకుని దాని దగ్గరే ఆగిపోతుందని పెడతారు. మా నాన్నమ్మా పెట్టింది," అన్నది. నాన్న నవ్వి, "బెరిల్, నువ్వు సూపు చూసుకో తల్లీ, దయ్యాల సంగతి నేను చూసుకుంటా," అన్నాడు.

చూసుకున్నాడు కూడా. వారం తిరగకముందే ఆ బూటుకు ఒక పిల్ల పుట్టింది. పేరు చిన్న కేట్. పొగగొట్టంలో దాక్కుని ఊపిరాడక పోయిందనీ, ఒంటికాలి బూటుతో మేడ మీద రెండోది వెతుక్కుంటూ తిరుగుతుందనీ నాన్న కట్టిన కథ. అంతకుముందు, టిక్కెట్టు కొన్నవారికి ఇల్లు చూపిస్తూ కథలు చెప్పే మా దయ్యాల పర్యటనకు సంకెళ్ళ ఖైదీ ఒకడూ బండివాడు ఒకడూ ఉండేవారు. కేట్ వచ్చాక హోబార్ట్ నుంచి బస్సులు రావడం మొదలైంది. అద్దాలపెట్టె చేసింది నాన్న. లోపల అచ్చు అక్షరాలతో "వస్తువు నెం. 1" అని చీటీ రాసి పెట్టినది నేను. పెట్టె తాళంచెవి నా దగ్గర ఉండేది. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు.

ఆ ఆగస్టులో మా అక్కకు కడుపు పోయింది. ఆరో నెల. అప్పటికి ఆమె ఇక్కడే, మేడ మీద తూర్పుగదిలో ఉండేది. బిడ్డ తండ్రి ఉన్ని కత్తిరింపులు కాగానే వెళ్ళిపోయినవాడు. అతని పేరు ఈ పత్రంలో ఉండదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజు ఆమె బారులోకి వచ్చి అద్దాలపెట్టె ముందు నిలబడింది. ముందు నాన్నను అడిగింది. ఆయన, "పిచ్చిదానా, చెప్పులకీ పిల్లలకీ ఏం సంబంధమమ్మా," అని తల నిమిరి పంపేశాడు. తరువాత నా దగ్గరికి వచ్చింది. "క్లెమ్, తాళంచెవి నీ దగ్గరుందిగా. సున్నం కలపడం నీకొచ్చుగా. దాన్ని మళ్ళీ లోపల పెట్టెయ్ రా. అంతే. ఇంకేం అడగను," అన్నది.

ఇటుక తీసి, బూటు లోపల ఉంచి, ఇటుక పెట్టి, సున్నం పూయడం అరగంట పని. నేను రెండు రోజులు తీసుకుని, బూటు తీయడానికీ బిడ్డ పోవడానికీ సంబంధం ఉండజాలదని నిరూపించే పదకొండు కారణాల జాబితా టైపు చేసి ఆమె చేతికిచ్చాను. కారణాలన్నీ సరైనవే. ఏడో కారణంలో నూటికి ఎంతమందికి అలా జరుగుతుందో లెక్క కూడా ఇచ్చాను. ఆమె నిలబడే చదివింది, చివరిదాకా చదివింది. నాలుగు మడతలు పెట్టి ఏప్రాన్ జేబులో పెట్టుకున్నది. ఆదివారం నాటికి బర్నీ వెళ్ళిపోయింది.

బూటు తీయడం వల్ల ఏ బిడ్డా పోదని నేటికీ నా నమ్మకం. అక్క నా నమ్మకాన్ని అడగలేదు. ఈ చిన్న తేడా అర్థం కావడానికి నాకు సుమారు పదిహేనేళ్ళు పట్టింది. అర్థమయ్యాక కూడా బూటును పెట్టెలోంచి తీసి గూటిలో పెట్టలేదు. అప్పటికి నాన్న పోయాడు, బస్సులు వస్తున్నవి, కేట్ లేకపోతే పర్యటన లేదు, పర్యటన లేకపోతే ఇంటికప్పు బాగుచేయించడానికి డబ్బు లేదు. ఇవి కూడా సరైన కారణాలే. సరైన కారణాలు నాకు ఎన్నడూ కొరత పడలేదు.

కావున నా నిర్ణయం: నా మరణానంతరం సదరు బూటు నా అక్క రోండాకు చెందును. ఆమె తన చేతులతో దానిని పొగగొట్టంలోని పూర్వస్థానంలో ఉంచవలెనని కోరుతున్నాను. ఇది షరతు కాదు, కోరిక. ఆమె ఇష్టపడకపోతే నెవిల్ ఉంచవలెను. ఆమె అంగీకారం తెలుసుకోకుండా ఇంతపని ఆమె మీద పెట్టడం న్యాయం కాదు గనుక ఈ అయిదు అంశాలకూ నకలు తీసి, ఈ నెల ఇరవై ఏడున బర్నీకి పోస్టు చేస్తున్నాను. మిసెస్ టాంక్స్‌కు క్షమాపణ. ఆమె చెప్పినప్పుడే వినవలసింది.

6. దయ్యాలు

దయ్యాలు చరాస్తి కిందికి గానీ స్థిరాస్తి కిందికి గానీ రావని లాయరుగారు తెలిపారు. అయినా ఇన్నేళ్ళు వాటిని పోషించినవాణ్ణి గనుక వాటిని దిక్కులేకుండా వదలలేను.

(అ) బండివాడు. వాన పడ్డ రోజుల్లో మెట్ల దగ్గర తడి ఉన్ని వాసనగా వస్తాడు. మెట్ల కింద చలికాపుగా మా తాత కుక్కిన పాత ఉన్ని బస్తాలు ఇంకా ఉన్నవి. ఇతనిని ఎదురు వీధిలోని లంగరు పబ్ యజమాని ట్రెవర్ స్ట్రూడ్ 2011లో ఎత్తుకుపోయి తన బోర్డు మీద వేసుకున్నాడు. ఆ భవనం 1954 దాకా వెన్న ఫ్యాక్టరీ. అక్కడ ఏ బండీ ఏనాడూ ఆగలేదు. నిలదీస్తే, "వెన్నకోసం ఆగాడేమో, నీకేం తెలుసు?" అన్నాడు. పన్నెండేళ్ళుగా మేమిద్దరం వీధికి చెరోవైపున నడుస్తున్నాము. నాకు విసుగొచ్చింది. బండివాణ్ణి సర్వహక్కులతో ట్రెవర్‌కే రాసిస్తున్నాను. బండివాడికి తల లేదని మాత్రం చెప్పరాదు. పాపం, ఆయన తల ఉండగానే, మంచం మీద, ఎనభయ్యో ఏట పోయాడు. చర్చి పుస్తకంలో ఉన్నది.

(ఆ) నేలమాళిగలో కూనిరాగం తీసే ఖైదీ. బీరు గొట్టంలో గాలి. నెవిల్‌కు ఇస్తున్నాను. తన పెళ్ళివిందు రోజున అతడు రాగం సరిగ్గా అందుకున్నాడని ఆయన వాదన.

(ఇ) చిన్న కేట్. ఈమె గురించి ఏడో అంశం చూడవలెను.

(ఈ) వంటగది కిటికీ పక్క కుర్చీ. కొన్ని పొద్దుటి పూటలు, ఎవరూ కూర్చోకముందే, అప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు వెచ్చగా ఉంటుంది. కిటికీ పడమటిది, కాబట్టి ఎండ కాదు. పిల్లి ఆసుపత్రిలో ఉన్న రెండు రోజులూ వెచ్చగానే ఉన్నది, కాబట్టి పిల్లి కాదు. మిసెస్ టాంక్స్ తాను కాదంటుంది. నా పద్నాలుగు పుస్తకాల్లో "కారణం తెలియదు" అని రాసినది ఈ ఒక్కచోటే. కుర్చీ, అందులోనిది ఏమైనా ఉంటే అదీ, మిసెస్ టాంక్స్‌కు.

7. చరిత్ర కాగితాలు

ఈ పానశాల గురించి పదిహేడేళ్ళు నేను సేకరించిన కాగితాలు తొమ్మిది పెట్టెలూ జిల్లా గ్రంథాలయానికి. బడి చదువు పదో తరగతితో ఆపినవాడు పోగుచేసినవని ఎవరైనా పక్కన పెడితే, మూడో పెట్టె మాత్రం తెరిచి చూడవలెనని ప్రార్థన.

అందులో తేలినది ఇది. పొగగొట్టం 1838లో ఒకసారి కాలిపోతే మళ్ళీ కట్టారు. తాపీమేస్త్రీ పని చీటీ ఉన్నది. అప్పటి పానశాలాధిపతి జోసయా ట్రెన్‌హామ్‌కు ఒక్కతే కూతురు, పేరు కెజియా, అప్పటికి నాలుగేళ్ళది. బూటు ఆమెదేనని నేను ప్రమాణం చేయలేను. ఆ ఇంట్లో ఆ కొలత కాలు మరెవరికీ లేదని మాత్రం చెప్పగలను. కెజియా పొగగొట్టంలో పోలేదు. లాన్సెస్టన్‌లో జీనులు కుట్టే అతన్ని పెళ్ళాడింది. తొమ్మిదిమంది బిడ్డల్ని కన్నది, అందరినీ పెంచింది. 1917లో ఎనభై మూడో ఏట పోయింది. ఆమె మునిమనవరాలు ఒకామె నాకు రాసిన ఉత్తరం ప్రకారం, ముసలావిడ ఎప్పుడూ కొత్త బూట్లు కొనమని పోరేదట, పాతవి చూస్తే చాలు "ఇవి గోడలో పెట్టండి" అనేదట.

ఈ సంగతి నాకు తెలిసి ఏడేళ్ళయింది. ఏడేళ్ళూ, వారానికి రెండుసార్లు, ఎనభై మూడేళ్ళు బతికిన మనిషిని నేను నాలుగేళ్ళకే చంపుతూ వచ్చాను. ఒకసారి పర్యటన మధ్యలో మిసెస్ టాంక్స్ వంటగది తలుపులోంచి తల బయటపెట్టి, "ఇవాళైనా ఆ పిల్లని బతకనిస్తావా లేదా?" అని అరిచింది. బస్సువాళ్ళు అదీ నాటకంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

చిన్న కేట్‌ను ఇందుమూలంగా విడుదల చేస్తున్నాను. ఆమె ఎవరికీ చెందదు.

8. చిల్లర వస్తువులు

నా కళ్ళజోళ్ళు మూడూ చర్చి పెట్టెలో వేయవలెను. ఊళ్ళో చత్వారం వచ్చినవారు పెట్టుకుని చూసుకోవచ్చును. కొత్త పెన్సిళ్ళు బడికి. కొసలు కొరికినవి పారవేయవలెను. కొరికింది నేను కాదు, నాన్న. దాచుకున్నది నేను. పారవేయబోయేటప్పుడు ఎవరికైనా చెయ్యి ఆడకపోతే, వారే ఉంచుకోవచ్చును.

9. సాక్షులు

సాక్షిగా సంతకం చేసినవారికి అదే వీలునామాలో ఏమీ ఇవ్వరాదని చట్టం. పశువైద్యురాలు జూన్ హెస్కెత్‌నూ, గొర్రెల ఉన్ని కత్తిరించే ఆల్బీ మార్చంట్‌నూ అడిగాను. ఆల్బీ ఆలోచించి, "అంటే సంతకం చెయ్యకపోతే ఏమైనా ఇచ్చేవాడివా?" అన్నాడు. అతడు ఎప్పటినుంచో కన్నేసిన నాన్న చేపలగాలం గత మంగళవారం అతని చేతికే ఇచ్చేశాను. జూన్‌కు బేరిపళ్ళ జామ్ సీసా. ఇవి వీలునామాలోకి రావు. నేను బతికి ఉండగా ఇచ్చినవి.

10. అయిదో అంశానికి సవరణ

పై తొమ్మిదీ రాసి ముగించాక జరిగిన దానివల్ల అయిదో అంశంలోని చివరి పేరా, మిసెస్ టాంక్స్‌కు చెప్పిన క్షమాపణ తప్ప, చెల్లదు. కాగితం చింపి మళ్ళీ శుభ్రంగా రాయవచ్చును. రాయను. కొట్టివేసిన గీత కనిపించేటట్టే ఉంచి పక్కన పొడి సంతకం పెడుతున్నాను.

నవంబరు అయిదు, ఆదివారం, మధ్యాహ్నం రెండు దాటాక, మొక్కల కుండీలు నింపిన తెల్ల వ్యాను ఒకటి గుర్రాలపాక ముందు ఆగింది. మా అక్క దిగింది. చేతిలో నేను పంపిన నకలు. వంటగదిలోకి వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, వెంటనే సగం లేచి, "ఇదేమిట్రా, వెచ్చగా ఉంది?" అన్నది. కారణం తెలియదన్నాను. "నీకా? తెలియదా?" అన్నది. మళ్ళీ కూర్చున్నది.

తరువాత కాగితాలు బల్లమీద పెట్టి, "నువ్వు పోయాక నేను వచ్చి ఇటుక పెట్టాలా? ఎందుకూ, నీ చేతులకేమైంది? చెడిపోయింది గుండె అని కదా రాశావు?" అన్నది.

దీనికి నా దగ్గర కారణం లేదు. తాళంచెవి తెచ్చాను.

పొయ్యి ఆర్పాము. బరువులెత్తరాదని నాకు ఆజ్ఞ గనుక ఇటుక తీసింది అక్క, చిన్న గిన్నెలో చెంచాతో సున్నం కలిపింది నేను. "పల్చగా ఉంది, కస్టర్డ్ చేస్తున్నావా?" అని మిసెస్ టాంక్స్ మూడుసార్లు అన్నది. బూటును పెట్టెలోంచి తీసి ఇచ్చాను. అక్క దానిని అరచేతిలో ఉంచుకుని, చిల్లులోంచి వేలు పోనిచ్చింది. ఆమె ఆ బూటును ముట్టుకోవడం అదే మొదలు.

అప్పుడు సంచిలోంచి ఒక కాగితం తీసింది. నాలుగు మడతలు. అంచులు పసుపుపచ్చగా మారినవి. టైపు అక్షరాలు చూడగానే గుర్తుపట్టాను. పదకొండు కారణాలు.

"ఎన్నిసార్లు పారేద్దామనుకున్నానో," అన్నది. "ప్రతిసారీ, పాపం వెధవ, ఇంత కష్టపడి టైపు చేశాడే అనిపించేది."

నేను అక్కకు చెప్పవలసిన మాట చెప్పాను. అది ఒక్కటే మాట, దానికి అంకె వేయలేదు. ఆమె, "ఊ," అన్నది. నా చొక్కా జేబులోంచి పెన్సిలు లాక్కుని, కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, పదకొండో కారణం కింద ఏదో రాసింది. రెండు పంక్తులు ఉండవచ్చును. చూడబోతే అరచెయ్యి అడ్డం పెట్టింది.

"చదవనా అక్కా?" అన్నాను.

"వద్దు. చదివితే సరిదిద్దుతావు."

కాగితాన్ని చిన్నదిగా మడిచి బూటులో పెట్టింది. బూటును గూటిలో పెట్టింది, కాలివేళ్ళు లోపలికి, మడమ బయటికి, మనిషి లోపలికి నడిచి వెళుతున్నట్టు. ఇటుక పెట్టింది. సున్నం ఇద్దరం పూశాము. మిసెస్ టాంక్స్ వచ్చి బొటనవేలితో నొక్కి చూసి, ఇరవై ఆరేళ్ళ కింద వినుంటే ఇంత సున్నం ఖర్చయ్యేది కాదని చెప్పి, మళ్ళీ పొయ్యి వెలిగించింది.

నాలుగింటికి పర్యటన కోసం అయిదుగురు వచ్చి ఉన్నారు. ఖాళీ పెట్టె ముందు నిలబడి కెజియా కథ చెప్పాను, ఉన్నది ఉన్నట్టు. ఒకామె, "అయితే ఆ పాప బతికిందా?" అన్నది. ఎనభై మూడేళ్ళు అన్నాను. వెనకనుంచి అక్క, "తొమ్మిదిమంది పిల్లలు, అదీ చెప్పు," అన్నది. ఆమె రాత్రి భోజనానికి ఉండి సోమవారం వెళ్ళింది. పంతొమ్మిదిన మళ్ళీ వచ్చి నన్ను తానే వ్యానులో హోబార్ట్ తీసుకువెళతానన్నది. కుండీల మధ్య కూర్చోవలసి ఉంటుందని హెచ్చరించింది.

కావున బూటు ఇక నా ఆస్తి కాదు, ఎవరి ఆస్తీ కాదు, ఇంటిలోని భాగం. అద్దాలపెట్టెను ఖాళీగానే బారు మీద ఉంచవలెను. పాత చీటీ తీసి కొత్తది రాసి పెట్టాను: "బూటు ఇంట్లోనే ఉన్నది." నాలుగో అంశం యథాతథం.

11. ముందు ముందు ఈ పొగగొట్టం విప్పబోయేవారికి

ఇసుకరాయి ఎంత మంచిదైనా నూరేళ్ళకొకసారి పగులుతుంది. ఎవరో ఒకరు ఎడమవైపు, భుజం ఎత్తున, వదులుగా ఉన్న ఇటుక చూస్తారు. అయ్యా, లేక అమ్మా, మీరెవరో నాకు తెలియదు. అది తెరవక తప్పకపోతే తెరవండి. లోపలిది చూడండి. మీ పని కాగానే మళ్ళీ అక్కడే పెట్టండి. దానికి కథ కట్టకండి, పేరు పెట్టకండి, అంకె వేయకండి.

బూటులో ఒక కాగితం ఉంటుంది. అందులో మొదటి పదకొండూ నావి. అవి వదిలేయండి. చివరిది మా అక్కది. అదేమిటో నాకు తెలియదు. ఈ ఇంట్లో నేను చదవని జాబితా అదొక్కటే. మీరు చదవాలనుకుంటే చదవండి. సరిదిద్దకండి.

పైన రాసినదంతా నా ఇష్టప్రకారం రాసినదేనని ఒప్పుకుని, 2023 నవంబరు తొమ్మిదో తేదీ గురువారం ఉదయం పది గంటలకు, ఉన్నిబండి పానశాల ముందుగదిలో, దిగువ సాక్షులిద్దరూ చూస్తుండగా ప్రతి పుటకూ, కొట్టివేసిన పేరా పక్కన కూడా, సంతకం చేశాను.

(సం.) క్లెమెంట్ డ్రాన్స్‌ఫీల్డ్

పై సంతకం మా ఇద్దరి కళ్ళ ముందు, ఒకే సమయంలో జరిగినది. మేమూ ఆయన ముందే, ఒకరి ఎదుట ఒకరం సంతకం చేశాము.

(సం.) జూన్ హెస్కెత్, పశువైద్యురాలు, టారంట్స్ మార్ష్

(సం.) ఆల్బీ మార్చంట్, ఉన్ని కత్తిరింపు పని, టారంట్స్ మార్ష్. గాలం ముందే ముట్టినది.